మార్తది పనా, పరిచర్యా?

పోయిన ఏడాది ఫిబ్రవరిలో మా వీధి చివరింటి అక్క కొడుకు చనిపోయాడు. పంతొమ్మిదేళ్ళ పిల్లవాడు. బండి మీద కాలేజీ నుంచి ఇంటికొస్తూ... ఇంక ఆ వివరాలు రాయలేను. అక్కా నేనూ పదకొండేళ్ళుగా ఒకే చర్చికి వెళ్తున్నాం. పొద్దున్నే కాప్రా చెరువు వైపు నడకకి కూడా ఇద్దరం కలిసే వెళ్ళేవాళ్ళం. ఆ పిల్లవాడు చిన్నప్పుడు మా పిల్లలతోపాటు మా ఇంట్లో కంచం ముందు కూర్చున్న రోజులకు లెక్కలేదు.

మూడో రోజు వాళ్ళింట్లో ఆదరణ కూడిక పెట్టారు. అయ్యగారు వేరే ఊళ్ళో ఉన్నారు. "స్త్రీల మైత్రి తరఫున నువ్వు రెండు మాటలు చెప్పమ్మా, తెలుగు చదువుకున్నదానివి" అన్నారు పెద్దవాళ్ళు. నాది బి.ఏ. తెలుగు. మాటలకి ఎప్పుడూ తడుముకోలేదు. లేచి నిలబడి అందరూ చెప్పేదే నేనూ చెప్పాను. ఇచ్చిందీ ఆయనే, తీసుకున్నదీ ఆయనే, దేవుడి చిత్తం మనకు అర్థం కాదు, ఏది జరిగినా మన మంచికే అని. పది నిమిషాలు మాట్లాడాను. బాగా చెప్పావని ఇద్దరు ముగ్గురు అన్నారు కూడా.

వెళ్ళిపోతుంటే గుమ్మం దగ్గర అక్క నా చేయి పట్టుకుంది.

"మంచికేనా?" అంది.

అంతే. చేయి వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తరువాత అక్క నడకకి రాలేదు. చర్చికీ రాలేదు. వీధిలో ఎదురైతే తల వంచుకుని వెళ్ళిపోయేది. నేను రెండుసార్లు గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. వెళ్ళి ఏం చెప్పను? చెప్పినమాటే కదా ఇంత పని చేసింది!

నాకో అలవాటుంది. ఏదైనా చేతకాకపోతే ఎక్కడో ఒకచోట నేర్చుకుంటే సరిపోతుందనుకుంటాను. కుట్టుమిషనూ అట్లాగే నేర్చుకున్నాను, స్కూటీ కూడా. కాబట్టి దుఃఖంలో ఉన్నవాళ్ళతో ఏం మాట్లాడాలో కూడా ఎవరో ఒకరు నేర్పే ఉంటారనిపించింది. సరిగ్గా అప్పుడే ఏప్రిల్‌లో మా చర్చి వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన వచ్చింది. ఒక వేదాంత కళాశాల వాళ్ళు వేసవిలో ఆరు వారాలు ఆన్‌లైన్ పాఠాలు చెప్తారట. పాత నిబంధన, కొత్త నిబంధన, సంఘ చరిత్ర, పరిచర్య. వారానికి ఐదు రోజులు, రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది దాకా. స్త్రీలు కూడా చేరవచ్చని కింద ప్రత్యేకంగా రాశారు.

ఇంట్లో చెప్పాను. మావారు "ఫీజెంత?" అన్నారు. చెప్పాక "సరే" అన్నారు. ఇంటర్ చదివే మా అబ్బాయి "అమ్మా, నీకు హోంవర్క్ ఇస్తారా?" అని ఒకటే నవ్వు. మా అత్తమ్మ మాత్రం మంచంలోంచే అడిగింది.

"ఈ వయసుల సదివి ఏ గుడికి అయ్యగారివైతవే?"

"అయ్యగారిని అవడానికి కాదత్తమ్మా. వేదాంతం చదువుతా."

"వేదాంతం నాకు రోజూ చెప్తూనే ఉంటివి గదా!"

ఆవిడ అన్నది అబద్ధం కాదు. మన ఇళ్ళల్లో వేదాంతం అంటే పని తప్పించుకోడానికి చెప్పే కబుర్లే. పాతకాలం తెలుగు క్రైస్తవులు థియాలజీ అన్న మాటకి ఈ వేదాంతాన్నే తీసుకుని వాడుకున్నారు. శంకరుల వేదాంతం ఒకటి, అత్తమ్మ వేదాంతం ఒకటి, ఇది మూడోది. మొదటి రోజే ఈ మాట క్లాసులో అంటే అందరూ నవ్వారు. అలా నాకు భయం పోయింది.

మీలో చాలామందికి ఈ చదువు సంగతి తెలియకపోవచ్చు, కాబట్టి కొంచెం చెప్తాను. మనదేశంలో ఈ చదువుకి పాత చిరునామా బెంగాల్‌లోని సేరంపూర్. విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ అనే ముగ్గురు 1818లో అక్కడ కాలేజీ పెట్టారు. అప్పుడు ఆ ఊరు ఇంగ్లీషువాళ్ళది కాదు, డెన్మార్క్ వాళ్ళది. 1827లో డెన్మార్క్ రాజు ఆ కాలేజీకి పట్టాలిచ్చే అధికారం ఇచ్చాడు. ఇప్పటికీ దేశంలో ఎన్నో వేదాంత కళాశాలల పట్టాలు ఆ సేరంపూర్ సెనేట్ పేరు మీదే వస్తాయి. మన హైదరాబాద్ లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరున్న ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ కూడా ఆ గొడుగు కిందిదే. అది 1964లో రాజమండ్రిలో మొదలై తరువాత ఇక్కడికి వచ్చింది. ఎన్నోసార్లు బస్సులో ఆ గేటు ముందునుంచి వెళ్ళాను. లోపల నాకేం పనిలే అనుకునేదాన్ని.

ఇంట్లో కూర్చుని వేదాంతం చదవడం కూడా జూమ్‌తో పుట్టిందేమీ కాదు. 1963లో గ్వాటెమాలా దేశంలో ఒక సెమినరీ వాళ్ళు ఒక సంగతి గమనించారు. ఊళ్ళలో సంఘాలను నిజంగా నడిపేవాళ్ళు రైతులు, కూలీలు, సంసారాలున్నవాళ్ళు. వాళ్ళు ఊరు వదిలి కాలేజీకి రాలేరు. అందుకని పాఠాల పుస్తకాలు వాళ్ళ ఇళ్ళకే పంపి, వారానికోసారి పంతులే వాళ్ళ ఊరికి వెళ్ళడం మొదలుపెట్టారు. ఆ పద్ధతి మనదేశానికీ వచ్చింది. 1971లో బెంగుళూరులో 'టాఫ్టీ' అనే సంస్థ పుట్టింది. పిల్ల కాలేజీకి వెళ్ళలేకపోతే కాలేజీయే పిల్ల దగ్గరికి రావడం అన్నమాట. నలభై దాటిన పిల్ల అయినా సరే!

మా క్లాసులో ఇరవై మూడు మందిమి. గల్ఫ్‌లో నర్సుగా పనిచేసే అమ్మాయి ఒకరు, ఆమె డ్యూటీ బట్టల్లోనే కూర్చునేది. ఖమ్మం వైపు ఆటో నడుపుకునే తమ్ముడొకరు. గుంటూరులో రిటైరైన టీచరమ్మ. వంటింట్లోంచి క్లాసు వినేదాన్ని మాత్రం నేనొక్కదాన్నే అనుకున్నాను. ఒకరోజు మైకు ఆపడం మరచిపోయిన ఎవరింట్లోనో కుక్కర్ కూత వినబడింది. వెంటనే ఇంకో ఇంట్లో ఇంకో కూత. అప్పుడు తెలిసింది, ఎంతమంది వంటింట్లో ఉన్నామో!

ఏడున్నర అంటే ఇంట్లో చపాతీల వేళ. ఫోన్ బియ్యం డబ్బాకి ఆనించి, చెవిలో ఒక వైపే ఇయర్‌ఫోన్ పెట్టుకుని, రెండో చెవి అత్తమ్మ పిలుపు కోసం ఉంచుకునేదాన్ని. మే నెల ఎండకి కరెంటు పోతే వైఫై పోయేది. అప్పుడు మా అబ్బాయి ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆధారం. పాఠం అర్థం కానప్పుడు వాడే ఒక దారి చూపించాడు. అమెరికాలో యేల్ యూనివర్సిటీ వాళ్ళు క్రిస్టీన్ హేస్ అనే ప్రొఫెసర్ చెప్పిన పాత నిబంధన పాఠాలు 24, డేల్ మార్టిన్ చెప్పిన కొత్త నిబంధన పాఠాలు 26, యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టారు. నేను తెలుగు మీడియం. వేగం ముప్పావుకి తగ్గించుకుని, కింద అక్షరాలు పెట్టుకుని, బట్టలు మడతపెడుతూ విన్నాను. ఆవిడ భక్తి ప్రసంగం చేయదు. బైబిల్‌ని ఒక ప్రాచీన గ్రంథంగా తీసుకుని, ఏ కాలంలో, ఎవరికోసం రాశారో చూపిస్తుంది. కాలేజీలో మేము నన్నయనీ తిక్కననీ అలాగే కదా చదివాం! కొన్నాళ్ళు నాకది కష్టంగానే ఉంది. చిన్నప్పటినుంచి కళ్ళు మూసుకుని చదివినదాన్ని కళ్ళు తెరిచి చదవాలంటే బెరుకు ఉంటుంది.

మూడో వారంలో యోబు గ్రంథం వచ్చింది.

తెలియనివాళ్ళకి కథ చెప్తాను. యోబు మంచివాడు, ఉన్నవాడు. ఒక్కరోజులో ఆస్తి పోయింది, పదిమంది పిల్లలూ పోయారు. తరువాత ఒళ్ళంతా కురుపులు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అని ముగ్గురు స్నేహితులు ఓదార్చడానికి వచ్చారు. వచ్చి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద కూర్చున్నారు. ఒక్కరూ నోరు తెరవలేదు. ఆ తరువాత యోబు మాట్లాడాడు, వీళ్ళూ మాట్లాడటం మొదలుపెట్టారు. అధ్యాయాలకి అధ్యాయాలు. దేవుడు న్యాయవంతుడు, నీదే ఏదో తప్పుండాలి, ఊరికే శిక్ష వేయడు అని. చివరికి నలభై రెండో అధ్యాయంలో దేవుడు కోపపడింది నిలదీసి అడిగిన యోబు మీద కాదు, తన తరఫున వకాల్తా పుచ్చుకున్న ఈ ముగ్గురి మీద.

మా మేడం అడిగారు. "ఇచ్చిందీ ఆయనే, తీసుకున్నదీ ఆయనే అన్న మాట ఈ పుస్తకంలో ఎవరిది?"

నేను టక్కున చెప్పాను, యోబుదని.

"అవును. పిల్లలు పోయినవాడు తన గురించి తాను అనుకున్న మాట. అతని ముందుకొచ్చి ఇంకెవరైనా ఆ మాట అన్నారా?"

అనలేదు. పుస్తకమంతా వెతికినా లేదు. తన గుండెలోంచి ఒక తండ్రి తీసుకున్న మాటని నేను పట్టుకెళ్ళి ఇంకో తల్లి గుండె మీద పెట్టాను. అదీ మూడో రోజున. ఆ స్నేహితులైనా ఏడు రోజులు ఆగారు!

ఆ రాత్రి కెమెరా ఆపేసి కూర్చున్నాను. చపాతీ మాడిన వాసనకి మావారు వచ్చి స్టవ్ ఆపారు.

ఐదో వారం పాఠం పరిచర్య గురించి. ఇంగ్లీషులో మినిస్ట్రీ అంటారు. పరిచర్య అంటే నాకు తెలిసింది స్టేజీ, మైకు, సభలు, పోస్టరు మీద ఫోటో. మేడం ముందు మాట గురించి అడిగారు. తెలుగు చదివినదాన్ని నేనే కాబట్టి నేనే చెప్పాను. 'పరి' అంటే చుట్టూ, 'చర్' అంటే తిరగడం. చుట్టూ తిరుగుతూ చేసేది పరిచర్య. మంచంలో ఉన్నవాళ్ళ చుట్టూ, పసిపిల్లల చుట్టూ.

ఆవిడ కొత్త నిబంధన మొదట రాసిన గ్రీకు మాట చెప్పారు. డియాకొనియా. మామూలు గ్రీకులో ఆ మాట ఎక్కువగా వినబడేది భోజనం బల్ల దగ్గరట, అంటే వడ్డన. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో విధవరాళ్ళకి రోజూ అన్నం పెట్టడాన్ని డియాకొనియా అన్నారు, వాక్యం చెప్పడాన్నీ డియాకొనియానే అన్నారు. రెంటికీ మన తెలుగు బైబిల్లో పరిచర్య అనే ఉంది. ఇప్పుడు లూకా సువార్త పదో అధ్యాయం తియ్యమన్నారు. మార్త, మరియ అక్కచెల్లెళ్ళ కథ. యేసు ఇంటికొస్తే మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని వింటోంది. మార్త వంట చేయలేక సతమతమై, చెల్లెల్ని సాయం పంపమని అడిగి మాట పడింది. మార్త చేస్తున్న దాన్ని లూకా ఏమన్నాడో చూడండి అన్నారు. గ్రీకులో అదీ డియాకొనియానే.

నా తెలుగు బైబిల్ తెరిచాను. మన ఇళ్ళల్లో ఉండే పాత అనువాదం. అక్కడ 'పని' అని ఉంది.

ఒకటే మాట. మగవాళ్ళు వాక్యం చెప్తే పరిచర్య అయింది, మార్త వంట చేస్తే పని అయింది. అనువదించినవాళ్ళని తప్పుపట్టను. మన భాషలోకి ఈ పుస్తకాన్ని తేవడానికి ఎంతమంది ఎంత కష్టపడ్డారో ఆ వేసవిలోనే చదివాను. విశాఖపట్నంలో డెస్ గ్రాంజెస్ అనే మిషనరీ, ఆనందరాయర్ అనే తెలుగు పండితుడు కలిసి కూర్చుని మొదటి సువార్తలు తెలుగు చేస్తే 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యాయి. అక్కడి సందర్భంలో 'పని' అన్నదే సహజంగా తోచి ఉంటుంది. నేను అనువదించినా అదే రాసేదాన్నేమో. మనకి మన పని పనిలాగే కనబడుతుంది కదా!

మార్తని యేసు మందలించాడు కదా అని నర్సమ్మాయి అడిగింది. వంట చేసినందుకు కాదు, చాలా వాటి గురించి కంగారుపడినందుకు అన్నారు మేడం. ఈ జవాబుతో నాకింకా పూర్తిగా తృప్తి లేదు. ఆ రోజు అందరూ మరియలాగే కూర్చుంటే ఎవరు తినేవాళ్ళని ఇప్పటికీ అనిపిస్తుంది.

చివరి వారం సంఘ చరిత్రకి ఒక వ్యాసం రాయాలి. మన ప్రాంతంలో ఒక స్త్రీ గురించి. నేను ఒంగోలు ప్రార్థన కొండ గురించి రాశాను. 1854 జనవరి ఒకటిన తెల్లవారుజామున ఐదుగురు ఆ కొండెక్కి ప్రార్థన చేశారు. లైమన్ జ్యూయెట్ దొర, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అనే తెలుగాయన, ఇంకా జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలు. జ్యూయెట్ గురించి చదవడానికి ఎంతో ఉంది. జూలియా గురించీ రూతు గురించీ నాకు దొరికింది కొన్ని వాక్యాలే. ఆ తరంలోనూ ఆ తరువాతా 'బైబిలు స్త్రీలు' అని ఉండేవాళ్ళు. మగ ఉపదేశకులు అడుగుపెట్టలేని ఇళ్ళ లోపలికి వెళ్ళి ఆడవాళ్ళకి చదువూ వాక్యమూ చెప్పేవాళ్ళు. అప్పట్లో వాళ్ళని ఎవరూ పాస్టర్లు అనలేదు. నూటయాభై ఏళ్ళు దాటాక, 2013లో, నంద్యాల అధ్యక్ష మండలానికి ఎగ్గోని పుష్పలలిత గారు బిషప్ అయ్యారు. మా సీఎస్ఐలో మొట్టమొదటి మహిళా బిషప్ మన తెలుగావిడే. ఈ ముక్క అత్తమ్మకి చదివి వినిపిస్తే, "ఆమెకు ఇంట్ల వంటెవరు చేసిన్రో" అంది. నవ్వాను గానీ, అడగాల్సిన ప్రశ్నే.

అదే రోజు ఆవిడ ఇంకో సంగతి గుర్తు చేసింది. మా అత్తమ్మది మెదక్ వైపు పల్లె. మెదక్ పెద్ద గుడి 1914 నుంచి 1924 దాకా కట్టారు. కరువు రోజులు. పోస్నెట్ దొర ఊరికే ధర్మం చేయకుండా గుడి పనికి పిలిచి, పనిచేసినవాళ్ళకి తిండి గింజలు ఇచ్చాడని అక్కడ అందరూ చెప్పుకుంటారు. "మా అవ్వ ఆడ మట్టి మోసింది. మొదలు బువ్వ పెట్టిన్రు, తరువాతనే వాక్యం" అంది అత్తమ్మ. ఆరు వారాల నా చదువుని ఆవిడ మంచంలోంచే ఒక ముక్కలో చెప్పేసింది.

జూన్‌లో మొదటి వాన పడిన సాయంత్రం క్యారియర్ సర్దాను. అన్నం, చింతచిగురు పప్పు, చారు. బైబిల్ తీసుకెళ్ళలేదు. అక్క తలుపు తీసి చాలాసేపు అలాగే నిలబడింది.

"ఏంటిది?"

"అన్నం."

పక్కకి జరిగింది. లోపలికి వెళ్ళి క్యారియర్ బల్ల మీద పెట్టాను. సింకు నిండా అంట్లున్నాయి. తోమాను. అక్క బల్ల దగ్గర కూర్చుంది, నేను ఎదురుగా కూర్చున్నాను. గోడ గడియారం చప్పుడు వినబడుతోంది. నా నోటికి ఎన్ని మాటలు వచ్చాయో! అన్నీ మింగేశాను. అరగంట తరువాత ఖాళీ గిన్నెలు తీసుకుని వచ్చేశాను.

మరుసటి రోజూ వెళ్ళాను. ఆ తరువాతా వెళ్ళాను. ఐదో రోజు అక్క తనే మాట్లాడింది. చెప్పుల స్టాండులో వాడి బూట్లు అలాగే ఉన్నాయనీ, రోజూ దుమ్ము తుడుస్తున్నాననీ, ఎవరికీ ఇవ్వబుద్ధి కావడంలేదనీ. నేను ఊ కొట్టాను. కళ్ళు తుడుచుకున్నాక నేనన్నాను.

"ఆ రోజు నేనన్నమాట తప్పక్కా."

అక్క ఔననలేదు, పోనీలే అని కూడా అనలేదు. కంచం నా వైపు జరిపి, "చారులో ఉప్పెక్కువైంది. రేపు తగ్గించు" అంది.

'రేపు' అన్న ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికొచ్చాను.

ఇది జరిగి ఏడాది కావస్తోంది. అక్క ఇంకా చర్చికి రావడంలేదు. నేను అడగను. పొద్దున నడకకి మాత్రం వారంలో రెండుసార్లు వస్తోంది. నా సర్టిఫికెట్ బీరువాలో పెట్టాను. దానితో నేను పాస్టరునీ కాను, పంతులమ్మనీ కాను. ఆరు వారాల చదువుకి అంతకన్నా విలువ ఇవ్వకూడదు కూడా. మీలో ఎవరికైనా చేరాలనిపిస్తే డబ్బు కట్టేముందు ఒకటి అడగండి. ఇచ్చే కాగితం సేరంపూర్‌లాంటి గుర్తింపున్న పట్టానా, ఉత్త హాజరు పత్రమా అని. హాజరు పత్రమైనా ఫరవాలేదు, తెలిసి చేరండి. క్లాసు వేళ మీ వంట వేళ ఒకటే అయితే, ఆ గంటన్నర పొయ్యి దగ్గర ఎవరుంటారో ముందే ఇంట్లో మాట్లాడుకోండి. నేను మాట్లాడుకోలేదు, మాడిన చపాతీలు తిన్నాం.

ఈ వేసవికి రెండో భాగం మొదలవుతోంది. గ్రీకు అక్షరాలు నేర్పుతారట. ఈసారి చపాతీలు మావారు చేస్తానన్నారు. అవి ఏ దేశం పటంలా వస్తాయో గానీ, దాన్ని పని అనను, పరిచర్య అనే అంటాను. లేకపోతే రెండో రోజే మానేస్తారు!